అటక మీద దొరికిన 80ల నాటి కంప్యూటర్ మ్యాగజైన్లు: ప్రతి లైను చివర ఈ ‘రెమ్ 143’ ఏంటి?

అటకమీద_పెట్టె:

అందరికీ నమస్తే. గుంటూరులో అమ్మావాళ్ళ ఇంటికి మరమ్మతులు చేయిస్తున్నాం, అందుకని పోయిన వారం అటక ఖాళీ చేయించాను. ఒక ట్రంకు పెట్టె దిగింది. పైన అమ్మ పెళ్ళినాటి చీర, దాని కింద నాన్న థీసిస్ కాపీలు రెండు (ఒకటి బైండు చేసింది, ఇంకోటి రెండు అంచులకీ చిల్లులున్న పొడుగు కాగితాల దొంతర), అన్నిటికంటే కింద ఓ పద్నాలుగు ఇంగ్లిష్ కంప్యూటర్ మ్యాగజైన్లు. పన్నెండు ‘కంప్యూట్స్ గెజిట్’, 1983, 84 సంచికలు. మిగతా రెండూ ‘బైట్’, ఒక్కోటి పాత టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు. నాన్న 82 నుంచి 85 దాకా ఓక్లహోమాలో ఎమ్మెస్ చేశారు, అప్పుడు కొన్నవి. వీటిని అంత దూరం నుంచి మోసుకొచ్చారంటే నాకు నమ్మకం కలగడం లేదు, ఎందుకంటే ఇదే మనిషి నా ఇంటర్ పుస్తకాలు నన్నడక్కుండా పాతపేపర్లవాడికి వేసేశారు.

నేను పదకొండేళ్ళుగా జావా రాసి బతుకుతున్నాను, అయినా వీటిలో సగం అంతుపట్టలేదు. ఆర్టికల్స్ సంగతి సరే, వెనక సగం మొత్తం ప్రోగ్రాములే, సన్న అక్షరాల్లో, పేజీలకు పేజీలు. నిజంగా జనం ఇదంతా చూసి టైప్ చేసేవాళ్ళా? ప్రతి లైను చివర ‘:రెమ్ 143’, ‘:రెమ్ 20’ అని ఉంది, రెమ్ అంటే బేసిక్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రిమార్క్ (మెషీన్ పట్టించుకోని వ్యాఖ్య) అని తెలుసు గానీ వట్టి అంకె రిమార్కేంటి? కొన్నిచోట్ల మెలికల బ్రాకెట్లలో క్లియర్, డౌన్ లాంటి మాటలున్నాయి. ఇంక కొన్ని పేజీల్లో అయితే మాటే లేదు, పై నుంచి కింది దాకా వట్టి అంకెలు.

ఇంకో చిన్న విషయం. 1984 జనవరి సంచికలో ఆ అంకెల పేజీల మీద ప్రతి లైనుకీ పెన్సిల్ టిక్కు ఉంది, మార్జిన్‌లో అక్కడక్కడ తెలుగులో ‘ఇక్కడిదాకా’ అని రాసి ఉంది. గుండ్రటి అక్షరాలు. నాన్న చేతిరాత అయితే కాదు, ఆయనది మందుల చీటీలా ఉంటుంది. నాన్నని అడిగితే పేపర్లోంచి తలెత్తకుండా “కొట్టేవాళ్ళం అమ్మా” అన్నారు. అంతే, అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది.

పారెయ్యాలా, ఉంచాలా అన్నది కూడా చెప్పండి. రెండు సంచికలకి అప్పుడే చెద మొదలైంది.

బేసిక్_బాబాయ్ (డాలస్):

అమ్మా, ముందు ఆ చెద పట్టిన రెండింటినీ మిగతావాటి నుంచి వేరు చెయ్యండి, ఎండలో పెట్టకండి, నీడలో గాలికి ఆరబెట్టండి. మిగతా కబుర్లు తర్వాత.

మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. కొట్టేవాళ్ళం. 1983లో నేను పక్క రాష్ట్రంలోనే చదువుకుంటున్నాను, టెక్సస్‌లో, ముగ్గురు తెలుగువాళ్ళం ఒక అపార్ట్‌మెంట్, ముగ్గురికీ కలిపి కమడోర్ 64 అనే ఒక ఇంటి కంప్యూటర్. 1982లో అది వచ్చినప్పుడు ధర 595 డాలర్లు, మా వల్ల అయ్యే పని కాదు. ఏడాది తిరిగేసరికి 200 దగ్గరికి దిగింది, తలా కొంత వేసుకుని కొన్నాం. డిస్క్ డ్రైవ్ కావాలంటే మళ్ళీ అంత డబ్బు పెట్టాలి కాబట్టి క్యాసెట్టే గతి. స్క్రీను అంటే ఎవరో పారేస్తే తెచ్చుకున్న టీవీ. ఇంత చేశాక సాఫ్ట్‌వేర్ కొనడానికి జేబులో ఏముంటుంది? రెండు మూడు డాలర్లు పెట్టి గెజిట్ కొంటే అందులో ఒక ఆట, ఒక చెక్‌బుక్ లెక్కల ప్రోగ్రాం, ఒక బొమ్మలు గీసేది, ఇలా అయిదారు దొరికేవి. కూలి మనది.

రెమ్ సంగతి. ఆ అంకె మ్యాగజైన్‌వాళ్ళు వేసింది, దాన్ని కొట్టకూడదు. మీ దగ్గర 1983 అక్టోబరుకి ముందు సంచికలుంటే చూడండి, వాటిలో ఉండదు. అక్టోబరులో ‘ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్’ అని ఒక బుల్లి ప్రోగ్రాం అచ్చేశారు, రాసింది చార్లెస్ బ్రానన్. ముందు దాన్ని కొట్టి రన్ చేస్తే మెమరీలో ఓ మూల నక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత మీరు ఏ లైను కొట్టి రిటర్న్ నొక్కినా స్క్రీను పైన మూలలో ఒక అంకె కనిపిస్తుంది. అదీ, పుస్తకంలో రెమ్ పక్కన ఉన్నదీ ఒకటే అయితే లైను ఓకే. కాకపోతే ఎక్కడో వేలు జారింది. ఇప్పటి పిల్లలు చెక్‌సమ్ అని గొప్పగా చెప్పుకునేది ఇదే. అయితే అది నక్కి కూర్చునే చోటు క్యాసెట్టు వాడుకునే మెమరీ, అంచేత మాలాంటి క్యాసెట్టు బాపతుకి టేపు తిరిగినప్పుడల్లా ప్రూఫ్‌రీడర్ ఎగిరిపోయేది, మళ్ళీ మొదటికి.

దానికో చిల్లు కూడా ఉంది. లైన్లో ఒక్కో అక్షరానికి ఉండే కోడ్ అంకెలను కూడుకుంటూ పోవడమే అది చేసే పని. కూడికలో వరస మారినా మొత్తం మారదు కదా! ‘పోక్ 53280’ (మెమరీలో ఆ నంబరు గదిలో అంకె పెట్టమనే ఆజ్ఞ) కొట్టబోయి 52380 కొట్టారనుకోండి, ప్రూఫ్‌రీడర్ శుభ్రంగా కరెక్టే అంటుంది. ఇలాంటి ఒక తప్పు కోసం శనివారం రాత్రంతా వెతికి, ఆదివారం పొద్దున ఉప్మా తింటూ మా రూమ్మేట్ కనిపెట్టాడు. 1986లో కొత్త ప్రూఫ్‌రీడర్ ఇచ్చారు, అంకె బదులు రెండు అక్షరాలు చూపించేది, తారుమారైనా పట్టేసేది. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చేసింది.

మెలికల బ్రాకెట్లు కూడా కొట్టేవి కావు. కమడోర్‌లో స్క్రీను చెరపమని ప్రింట్ లైన్లో పెడితే తలకిందులు రంగులో ఒక హార్టు గుర్తు పడేది, కర్సర్ కిందికి దించమంటే క్యూ అక్షరం. కొన్ని పత్రికలు ఆ గుర్తులను ఉన్నదున్నట్టు అచ్చేసేవి. సిరా అలుక్కుపోయిన ఆ నల్లచుక్క హార్టో ఇంకోటో తేల్చుకోలేక భూతద్దం పెట్టి చూసిన రోజులున్నాయి. గెజిట్‌వాళ్ళు మాత్రం ఆ కీ పేరునే బ్రాకెట్లలో రాసేవారు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ గౌరవం దీనికే.

కుర్ర_కోడర్:

అంటే అప్పట్లో గిట్ క్లోన్ (వేరేవాళ్ళ కోడ్ మొత్తం మన మెషీన్లోకి కాపీ చేసే కమాండ్) కొట్టాలంటే చేత్తోనే కొట్టాలన్నమాట 😄

6502_వీరాభిమాని:

@కుర్ర_కోడర్ నవ్వకు తమ్ముడూ, పుల్ రిక్వెస్టులు కూడా ఉండేవి, ఉత్తరాల రూపంలో. తప్పు దొరికితే పాఠకులు రాసేవాళ్ళు, వాళ్ళు సవరణ వేసేవాళ్ళు. గెజిట్‌లో ఆ శీర్షిక పేరు ‘బగ్ స్వాటర్’, అంటే పురుగుల్ని కొట్టే బ్యాటు. దాని పెద్దన్న ‘కంప్యూట్!’ మ్యాగజైన్‌లో అయితే ‘కపుట్!’ అని పెట్టుకున్నారు, తమ పేరునే తిప్పి ‘ఖతం’ అనే అర్థం వచ్చేలా. నెలకి ఒకటే రిలీజు కాబట్టి లైను 340లో అచ్చుతప్పు అని తెలిసేలోపు ఆ నెలంతా తప్పు మనదే అనుకుని కూర్చోవాలి.

అటకమీద_పెట్టె గారూ, వట్టి అంకెల పేజీలు చూసి భయపడకండి. బేసిక్ నెమ్మది, ఆటలు దానిలో కదలవు. అందుకని ప్రాసెసర్‌కి నేరుగా అర్థమయ్యే అంకెలనే ఇచ్చేవాళ్ళు. కమడోర్ 64లో ఉన్నది 6510, అది 6502కి సొంత తమ్ముడు, రెండిటికీ అంకెలు ఒకటే. చిన్న ముక్క చూపిస్తాను:

169, 0, 141, 32, 208, 96

169 అంటే ‘నా పక్కనున్న అంకెను చేతిలోకి తీసుకో’. పక్కనున్నది 0. 141 అంటే ‘చేతిలో ఉన్నదాన్ని ఫలానా గదిలో పెట్టు’. గది నంబరు తర్వాతి రెండూ కలిపి: 208ని 256తో గుణించి 32 కలపాలి, 53280. అది స్క్రీను చుట్టూ ఉండే అంచు రంగు దాచే గది. 0 అంటే నలుపు. 96 అంటే ‘పనైంది, వచ్చిన చోటికి పో’. ఇంతే, అంచు నల్లగా అయిపోతుంది. ఇందులో 141 బదులు 142 కొట్టారనుకోండి, అది వేరే చేతిలో ఉన్నదాన్ని పెడుతుంది, ఏ రంగు వస్తుందో దేవుడికెరుక. అంచు రంగు కాబట్టి సరిపోయింది. పెద్ద ప్రోగ్రాంలో ఒక్క అంకె తప్పితే మెషీన్ కొయ్యబారిపోతుంది, ఏ కీ నొక్కినా పలకదు, స్విచ్ ఆపి వెయ్యడమే. ఆపితే కొట్టిందంతా గాల్లో కలిసిపోతుంది. అందుకే ప్రతి ఆర్టికల్లోనూ ‘రన్ చేసే ముందు సేవ్ చేసుకోండి’ అని మొత్తుకునేవాళ్ళు. వినేదెవరు? నాలుగు గంటలు కొట్టినవాడికి ముందు ఆట చూడాలని ఉంటుంది గానీ క్యాసెట్టు తిరిగేదాకా ఆగాలని ఉంటుందా.

ఇక మీ 1984 జనవరి సంచిక. ఆ అంకెల ముందు ‘స్పీడ్‌స్క్రిప్ట్’ అని పేరుందేమో చూడండి. ఉంటే ఆ మ్యాగజైన్‌ని పారెయ్యడం మాట మళ్ళీ ఎత్తకండి. అది పూర్తి స్థాయి వర్డ్ ప్రాసెసర్, అదే చార్లెస్ బ్రానన్ రాశాడు. మొత్తం 5 కిలోబైట్ల చిల్లర. మీ జావాలో ఒక ఖాళీ ప్రాజెక్టు తెరిస్తే పుట్టే ఫైళ్ళు అంతకంటే ఎక్కువుంటాయి. బజారులో వర్డ్ ప్రాసెసర్ కొనలేని ఎంతోమంది దీనితోనే ఉత్తరాలు, అసైన్‌మెంట్లు కొట్టుకున్నారు.

దాన్ని ఎక్కించడానికి ‘ఎంఎల్‌ఎక్స్’ అని ఇంకో సాధనం, 1983 డిసెంబరులో వచ్చింది. లైనుకి ఆరు అంకెలు, ఏడోది చెక్ చేసే అంకె. తప్పు కొడితే బజర్ మోగుతుంది, ఆ లైను మళ్ళీ కొట్టాలి. 5 కిలోబైట్లంటే ఆరేసి చొప్పున 850 లైన్లు పైనే. ఒక్క రోజులో అయ్యేది కాదు, అందుకే సగంలో ఆపి సేవ్ చేసుకుని మర్నాడు అక్కడి నుంచి అందుకునే వీలు పెట్టారు. మీ ‘ఇక్కడిదాకా’ దాని గుర్తే, బ్యాంకు పాస్‌బుక్‌లో పెన్సిల్ గీతలాగ. ఎవరి చేతిరాతో మాత్రం మీరే కనుక్కోవాలి.

ఎడ్డెమంటే_తెడ్డెం:

ప్రతి పాత విషయాన్నీ తపస్సులా చెప్పుకోవడం మనకి అలవాటైపోయింది. నేనూ కొట్టాను, 80ల చివర, స్కూల్లో బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్ మీద. కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ ప్రాజెక్టు కింద 1984 నుంచి కొన్ని స్కూళ్ళకి ఇచ్చినవి, మా స్కూలికీ వచ్చాయి. కంప్యూటర్ గదికి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం, గుడిలాగ. బ్రిటిష్ మ్యాగజైన్లలోంచి సార్ జెరాక్సు తెచ్చిచ్చిన ప్రోగ్రాములు కొట్టి ఏం నేర్చుకున్నాం? వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టడం. 169, 0, 141 అని వెయ్యి అంకెలు అర్థం తెలియకుండా కొడితే సహస్రనామాలు చదివినంత పుణ్యం రావచ్చు గానీ ప్రోగ్రామింగ్ రాదు. ఆటల్లో నూటికి తొంభై చెత్త. ఒక చుక్క ఇంకో చుక్కని తరుముతుంది, అయిపోయింది.

నన్నడిగితే ఆ మ్యాగజైన్లలో అసలు చదవాల్సింది ప్రకటనలు. ఆ రెండు బైట్‌లు తీసి చూడండి. 1975 సెప్టెంబరులో న్యూహ్యాంప్‌షైర్‌లో పీటర్‌బరో అనే చిన్న ఊరి నుంచి మొదలైన పత్రిక అది, 80ల మొదట్లో కొన్ని సంచికలు 600 పేజీలు దాటాయి, ఆ లావంతా ప్రకటనలే. ఎవడు ఏ బోర్డు ఎంతకి అమ్ముతున్నాడు, పోయిన నెల కంటే ఎంత తగ్గించాడు, మూడు నెలల కిందట పూర్తి పేజీ వేసినవాడు ఇప్పుడు పావు పేజీకి ఎందుకు దిగాడు, అన్నీ అందులోనే ఉన్నాయి. చరిత్ర పుస్తకాలు గెలిచినవాళ్ళ గురించే చెబుతాయి, పోయినవాళ్ళందరూ ప్రకటనల్లో ఉన్నారు.

ఆర్టికల్స్‌లో స్టీవ్ సియార్సియా రాసిన ‘సర్క్యూట్ సెల్లార్’ మాత్రం నిజమైన సరుకు, ఇంట్లో టంకం వేసి చేసుకోగలిగేవి. రాబర్ట్ టిన్నీ వేసిన కవర్ బొమ్మలు ఫ్రేము కట్టించుకోవచ్చు. మీ రెండిట్లో 1981 ఆగస్టు సంచిక ఉందా? రంగుల బెలూను బొమ్మతో, స్మాల్‌టాక్ భాష మీద ప్రత్యేక సంచిక. ఆబ్జెక్టులు, క్లాసులు అని మీరు జావాలో రోజూ వాడే మాటలు చాలామందికి మొదట తగిలింది అక్కడే. ఉంటే ఉంచండి. గెజిట్‌లు మీ ఇష్టం.

బేసిక్_బాబాయ్ (డాలస్):

@ఎడ్డెమంటే_తెడ్డెం మీ పేరుకి న్యాయం చేశారు. అంకెల విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. బేసిక్ లిస్టింగుల విషయంలో ఒప్పుకోను. తప్పు లేకుండా కొట్టినవాడు ఏమీ నేర్చుకోని మాట నిజమే, కానీ తప్పు లేకుండా కొట్టినవాణ్ణి నేను చూడలేదు. ‘సింటాక్స్ ఎర్రర్ ఇన్ 210’ అని వచ్చాక 210వ లైను ఏం చెయ్యాలనుకుంటోందో అర్థం చేసుకోక తప్పదు. మా మూడోవాడు చుక్కల ఆటలో ప్రాణాలు మూడు అని ఉన్నచోట 99 పెట్టుకున్నాడు, వాడికి వేరియబుల్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆబిడ్స్_ఆదివారం:

బైట్ అనగానే నాకు ఆబిడ్స్ ఫుట్‌పాత్ గుర్తొచ్చింది. 90ల్లో ఆదివారం పొద్దున్నే వెళ్తే పాత ఇంగ్లిష్ నవలల గుట్టల పక్కన బైట్, పీసీ మ్యాగజైన్ పాత సంచికలు దొరికేవి, కవరు మీద అమెరికాలో ఎవరిదో చిరునామా స్టిక్కరు సగం చింపి ఉండేది. అయిదేళ్ళ పాతవి. అయితేనేం, మా కాలేజీ ల్యాబులో ఉన్న మెషీన్లు కూడా అయిదేళ్ళ పాతవే, లెక్క సరిపోయేది. బేరం ఒక కళ. మ్యాగజైన్ తీసి చూస్తే రేటు పెరుగుతుంది, అందుకని ముందు ఓ నవల బేరమాడి, “ఇది కూడా ఎయ్యి భాయ్” అని పైన పెట్టించుకోవాలి.

మన దేశం పత్రికల మాట కూడా ఒకటి. డేటాక్వెస్ట్ 1982లో వచ్చింది, అది వ్యాపారం వాళ్ళకి. మాలాంటివాళ్ళకి పీసీక్వెస్ట్, 1987 నుంచి. అమెరికా మ్యాగజైన్లో మెమరీ ధర చదివి మురిసిపోయి నాంపల్లిలో అడిగితే కొట్టువాడు నవ్వేవాడు, పీసీక్వెస్ట్ మనకి ఏం దొరుకుతుందో అది రాసేది. 1996లో వాళ్ళు సీడీ మీద లినక్స్ ఇచ్చారు, విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. నెట్ అంటే విదేశ్ సంచార్ నిగమ్ వాళ్ళు 1995 ఆగస్టు 15న మొదలెట్టిన డయలప్, స్టూడెంట్ అకౌంటు ఉన్నా తెరమీద వట్టి అక్షరాలే. దాంట్లో లినక్స్ దింపుకోవాలంటే ఫోన్ బిల్లుకి ఇల్లు అమ్మాలి. కాబట్టి మా బ్యాచ్‌లో లినక్స్ చూసిన ప్రతివాడూ ఆ సీడీ పుణ్యాన చూసినవాడే. మా ఇంట్లో సీడీ డ్రైవే లేదు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్ అసిస్టెంటుకి రెండు ఇరానీ చాయ్‌లు, ఒక ఉస్మానియా బిస్కెట్ ప్లేటు సమర్పించుకుని రాత్రి ఎనిమిది తర్వాత ఎక్కించాను. పొద్దున్నకి ఆ మెషీన్లో విండోస్ లేదు. పార్టిషన్ అడిగినప్పుడు నేనేదో ఎస్ అన్నాను. ఆ అసిస్టెంటు ఆ తర్వాత నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయేవాడు.

ఆ చెద పట్టిన సంచికలకి వేపాకు పెట్టండి. మా అమ్మ పద్ధతి.

చీరాల_చిన్నోడు:

మాకు ఆబిడ్సూ లేదు, అమెరికా బాబాయిలూ లేరు. 2000ల్లో బస్టాండు పక్క పుస్తకాల కొట్లో ‘కంప్యూటర్ ఎరా’ వచ్చేది, తెలుగులో. నేను ఇంగ్లిష్ మీడియం కాదు, ఎర్రర్ మెసేజ్ వస్తే చదివి భయపడటం తప్ప ఏం చెయ్యాలో తెలిసేది కాదు. రిజిస్ట్రీ అంటే ఏంటో, ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో కాళ్ళు రుద్ది మళ్ళీ ఎలా పెట్టాలో, నా భాషలో చెప్పింది మొదట అదే. ఆ రబ్బరు చిట్కాతో మా వీధిలో నాలుగు కంప్యూటర్లు బాగుచేసి డాక్టర్ అనిపించుకున్నా. ఇప్పుడు అదే పని మీద బతుకుతున్నా, షాపు ఉంది. మీరంతా చెప్పేది ముందు తరం కథ, అయినా చదువుతుంటే బాగుంది, ఆపకండి.

6502_వీరాభిమాని:

@ఆబిడ్స్_ఆదివారం సీడీ అంటే గుర్తొచ్చింది. పత్రికతో పాటు సాఫ్ట్‌వేర్ పంచడం సీడీలకి చాలా ముందే ప్రయత్నించారు. 1977 మేలో ‘ఇంటర్‌ఫేస్ ఏజ్’ అనే పత్రిక లోపల ఒక పల్చటి ప్లాస్టిక్ గ్రామఫోన్ రికార్డు కుట్టి ఇచ్చారు, దానిలో పాట లేదు, బేసిక్ ఉంది. రికార్డు ప్లేయర్ మీద పెట్టి ఆ కీచుమని వచ్చే శబ్దాన్ని కంప్యూటర్‌కి వినిపించాలి. ‘ఫ్లాపీ రోమ్’ అని పేరు పెట్టారు. ఆ శబ్దానికి ఒక పద్ధతి కుదిర్చింది కూడా పత్రికే: 1975 నవంబరులో బైట్‌వాళ్ళు కాన్సస్ సిటీలో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించారు, క్యాసెట్టు మీద డేటా ఎలా రాయాలని, సెకనుకి 300 బిట్లు. అందుకే దాన్ని కాన్సస్ సిటీ స్టాండర్డ్ అంటారు.

అసలు ఈ గోలంతా మొదలైంది ఒక పత్రిక కవర్ మీదే కదా. 1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’, ఆల్టెయిర్ 8800 అనే ఇంట్లో కూర్చుకునే కంప్యూటర్ బొమ్మ. అసలు మెషీన్ న్యూయార్క్‌కి పంపితే దారిలో ఎక్కడో పోయింది, గడువు ముంచుకొస్తోంది, అందుకని ముందు దీపాలూ స్విచ్చులూ ఉన్న ఖాళీ డబ్బాని ఫొటో తీసి కవర్ మీద వేశారు. హార్వర్డ్ స్క్వేర్‌లో పత్రికల కొట్టు దగ్గర తర్వాత మైక్రోసాఫ్ట్ పెట్టిన ఇద్దరిలో పాల్ ఆలెన్ కొనుక్కుని బిల్ గేట్స్ గదికి పరిగెత్తింది ఆ డబ్బా బొమ్మ చూసే. మన దగ్గర పెళ్ళిచూపుల ఫొటోలు నయం.

అటకమీద_పెట్టె:

అందరికీ చాలా థాంక్స్. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. తెడ్డెం గారూ, బెలూను సంచిక లేదు, నావి రెండూ 84వి. ప్రకటనలు చదువుతూ రాత్రి ఒంటిగంట అయింది, మీ మాట నిజమే.

నిన్న లాప్‌టాప్‌లో వైస్ ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌ని కమడోర్‌లా నటింపజేసే ప్రోగ్రాం) వేసి ఆ ఆరు అంకెలు కొట్టాను. అంచు నల్లబడింది! పదకొండేళ్ళ సర్వీసులో ఇంత చిన్న పనికి ఇంత సంతోషపడిన గుర్తు లేదు. ఆ ఊపులో జనవరి సంచిక తీశాను. అవును, స్పీడ్‌స్క్రిప్టే. లాప్‌టాప్ హాల్లో పెట్టుకుని మొదటి లైను నాలో నేను పైకి చదువుకుంటూ కొడుతుంటే వంటింట్లోంచి అమ్మ అంది, “అట్లా కాదు, మూడేసి మూడేసి చదవాలి.”

‘ఇక్కడిదాకా’ అమ్మది.

1984 జనవరి చివర్లో వెళ్ళిందట అక్కడికి, పెళ్ళయిన ఆరు నెలలకి. చలి, డ్రైవింగ్ రాదు, పగలంతా కిటికీ. సాయంత్రం నాన్న వచ్చాక అన్నం తిని ఇద్దరూ టీవీ ముందు కూర్చునేవాళ్ళు, అమ్మ చదవడం, నాన్న కొట్టడం. మొదట ఇంగ్లిష్‌లో చదివిందట, ఫిఫ్టీన్ అంటే ఫిఫ్టీ కొడుతున్నారని తెలుగులోకి మార్చింది. అక్కడ ఇంకో తంటా, ఇరవై అంటే అరవై వినిపించడం. బజర్ మోగినప్పుడల్లా “నువ్వు సరిగ్గా చదవలేదు” అని ఈయన, “మీరే సరిగ్గా వినలేదు” అని ఈమె. చివరికి అరవైని ‘ఆరు పదులు’ అనాలని ఒప్పందం చేసుకున్నారు. మూడు వారాలు పట్టిందట. మధ్యలో ఒక రాత్రి నాన్న సేవ్ చెయ్యకుండా తీగ కాలికి తగిలించుకుని ఊడదీశారు, ఆ రోజుది మొత్తం పోయింది. రెండు రోజులు మాట్లాడలేదట. ఎవరు ఎవరితో అని అడిగితే “నేనే” అంది. పేజీ చూశాను, ఒకచోట ‘ఇక్కడిదాకా’ కొట్టేసి, దానికంటే ఓ అరవై లైన్లు పైన మళ్ళీ ‘ఇక్కడిదాకా’ అని ఉంది, పెన్సిల్ బాగా నొక్కి రాసినట్టు.

చిల్లుల కాగితాల దొంతర సంగతి కూడా తేలింది. థీసిస్ డ్రాఫ్టు అంతా ఆ స్పీడ్‌స్క్రిప్ట్‌లోనే కొట్టి, స్నేహితుడి దగ్గర డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద తీశారట. అమ్మ చెప్పడం అయ్యాక చెయ్యి తుడుచుకుంటూ ఒక మాటంది: “ఆ పుస్తకం మొదట్లో అందరికీ థాంక్సులు రాశారు చూడు.”

తీసి చూశాను. గైడ్, కమిటీలో ముగ్గురు, ఇద్దరు పాత రూమ్మేట్లు, ప్రింటర్ ఇచ్చిన స్నేహితుడు, డిపార్ట్‌మెంట్ సెక్రటరీ. పైకి చదివాను, చివరి దాకా, ఒక్కో పేరూ ఆగి ఆగి. నాన్న పేపర్ ఇంకాస్త పైకెత్తుకున్నారు.